గని రసాయనాలు భూమిలోకి ఇంకకుండా బంకమట్టి లైనర్ వేయడం ఎలా

రోడ్డు పనుల్లో చేయి తిరిగిన కాంట్రాక్టరుకు, గని బురదను నిలవచేసే టెయిలింగ్స్ పాండ్ అడుగున బంకమట్టి లైనర్ వేసే పని అప్పగిస్తే, ఆయన అలవాటు కొద్దీ మట్టిని కాస్త పొడిగానే పరిచి, బరువైన రోలరుతో తొక్కించి, నిండు టిప్పరు నడిచినా చక్రం దిగబడనంత గట్టి నేలను తయారు చేసి చూపిస్తారు. కంటికి అది ఎంతో బాగుంటుంది. నీళ్లు నింపి చూస్తే మాత్రం కారిపోతుంది. రోడ్డుకు కావలసింది బరువు మోసే బలం, లైనర్‌కు కావలసింది నీరు దూరే సందు లేకపోవడం. ఈ రెండు గుణాలూ ఒకే తేమ దగ్గర దొరకవు. వరిమడికి దమ్ము చేసే రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. బెడ్డలు పూర్తిగా చితికి, మట్టి మెత్తగా మెదిగితేనే మడిలో నీళ్లు నిలుస్తాయి. రోలర్లూ ప్రయోగశాలలూ వచ్చి చేరినా, లైనర్ పని కూడా మూలంలో దమ్ము చేయడం వంటిదే.

ఖనిజాన్ని పిండిగా నూరి లోహాన్ని తీసుకున్నాక మిగిలే బురదను టెయిలింగ్స్ అంటారు. దానితో వచ్చే నీటిలో బంగారు గని అయితే సైనైడు, అల్యూమినా కర్మాగారం అయితే కాస్టిక్ సోడా ఉంటాయి. రాగి ఖనిజాన్ని కుప్పపోసి కరిగించే ప్యాడ్ (లీచ్ ప్యాడ్) మీద పారేది సల్ఫ్యూరిక్ ఆమ్లం. కోలారు బంగారు గనులు 2001లో మూతపడినా అక్కడి సైనైడ్ దిబ్బలు ఇప్పటికీ ఊరిని ఆనుకునే నిలిచి ఉన్నాయి. అవి లైనర్ అనే ఆలోచనే లేని రోజుల్లో మొదలైన కుప్పలు. లైనర్ వేసినంత మాత్రాన నిశ్చింతగా ఉండవచ్చని అనుకోవడానికీ లేదు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో సమ్మిట్‌విల్ బంగారు గని లీచ్ ప్యాడ్‌ను 1986లో వాడకంలోకి తెచ్చిన కొద్ది రోజులకే సైనైడు ద్రావణం లైనర్ దాటి కిందికి దిగింది. 1992 చివరికి యాజమాన్యం దివాలా తీసి వెళ్లిపోగా, శుభ్రం చేసే భారం ప్రభుత్వం మీద పడింది.

ముందు ద్రవాన్ని, ఆ తరువాత మట్టిని పరీక్షించండి

చాలామంది మట్టి నమూనాతో మొదలుపెడతారు. మీరు పాండ్‌లోకి రాబోయే ద్రవంతో మొదలుపెట్టండి. ప్లాంటు ఇంకా నడవకపోతే, ఖనిజ నమూనాను ప్రయోగశాలలో శుద్ధి చేసినప్పుడు మిగిలిన నీటిని పది పదిహేను లీటర్లు అడిగి తెచ్చుకోండి. బంకమట్టి మంచినీటిని ఆపినంత మాత్రాన రసాయనాన్నీ ఆపుతుందన్న నమ్మకం లేదు. బంగారు గనిలో సైనైడు విషవాయువుగా మారి పైకి లేవకుండా సున్నం కలిపి పీహెచ్‌ను 10.5 దాకా పెంచుతారు. ఆ సున్నంలోని కాల్షియం, నీరు తగిలితే బాగా ఉబ్బే బంకమట్టి అయిన బెంటొనైట్‌లోని సోడియాన్ని తోసేసి దాని స్థానంలో కూర్చుంటుంది, దానితో బెంటొనైట్ ఉబ్బే గుణం పడిపోతుంది. ఆమ్లం అయితే మట్టిలోని సున్నపు గవ్వలను, గుళికలను కరిగించి, అవి ఉన్న చోట ఖాళీలు మిగులుస్తుంది. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం డోలమైట్ సున్నపురాయిలో ఉంది. ఆమ్లం పోస్తే ఆ రాయే దాన్ని తాగేస్తుంది కనుక అక్కడ సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్‌తో క్షార పద్ధతిలో కరిగిస్తారు. ఇలా సోడియం ఎక్కువగా ఉన్న నీరు తగిలిన బంకమట్టికి, తరువాత వాన నీరు పడినప్పుడు, చవుడు నేల మాదిరిగా పాలలా కరిగి కొట్టుకుపోయే లక్షణం వస్తుంది. కాబట్టి అలాంటి చోట కట్టల వాలు మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టాలి.

దీన్ని మీ బల్ల మీదే చూసుకోవచ్చు. 100 మిల్లీలీటర్ల గాజు సిలిండర్లు రెండు తీసుకుని, ఒకదానిలో డిస్టిల్డ్ వాటర్, రెండవదానిలో ప్లాంటు నీరు పోయండి. మెత్తగా నూరి ఆరబెట్టిన బెంటొనైట్ 2 గ్రాములు తూచి, చిటికెడు చిటికెడుగా, ఒక చిటికెడు అడుగుకు చేరాకే మరొకటి వేస్తూ రెండింటిలోనూ వేయండి. ఓపిక కావాలి, మొత్తం ఒకేసారి కుమ్మరిస్తే పైన గడ్డకట్టి ఫలితం చెడిపోతుంది. మరునాడు చూస్తే మంచి సోడియం బెంటొనైట్ డిస్టిల్డ్ వాటర్‌లో 24 మిల్లీలీటర్ల గీతనైనా దాటి మబ్బులా ఉబ్బి ఉంటుంది. ప్లాంటు నీటి సిలిండర్‌లో అది అడుగున ఇసుకలా సగం ఎత్తుకే ఆగిపోయిందంటే, ఆ బెంటొనైట్‌ను నమ్ముకుని డిజైన్ చేయకూడదు. సహజమైన బంకమట్టికి ఇంత తేడా రాకపోవచ్చు, అయినా ఎంచుకున్న మట్టి గుండా అసలు ద్రవాన్నే పంపి పారగమ్యత, అంటే మట్టి ద్రవాన్ని ఎంత వేగంగా దాటనిస్తుందో, కొలవండి. మట్టి రంధ్రాల్లో పట్టేంత ద్రవానికి కనీసం రెండింతలు పారి, బయటికి వచ్చే నీటి విద్యుద్వాహకత లోపలికి పోయే నీటితో సమానమయ్యేవరకు పరీక్షను ఆపవద్దు. దీనికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. టెండరు తేదీలు దగ్గర పడుతున్నాయని మొదట కోతపడేది ఈ పరీక్షకే, అందుకే దీన్ని అన్నిటికంటే ముందు మొదలుపెట్టమంటున్నాను.

మట్టి విషయంలో చూడవలసినవి తక్కువే. సన్నని జల్లెడ దిగే మెత్తటి భాగం 30 శాతానికి తగ్గకూడదు, ప్లాస్టిసిటీ ఇండెక్స్ (మట్టి ఎంత తేమ మేర ముద్దలా మలచడానికి లొంగుతుందో చెప్పే అంకె) 10కి పైన ఉండాలి, 50 మిల్లీమీటర్లు దాటిన రాయి ఉండకూడదు, వేర్లూ చెత్తా అసలే ఉండకూడదు. మట్టి పరీక్షల భారత ప్రమాణమైన ఐఎస్ 2720లోని 4, 5 భాగాల ప్రకారం ఈ పరీక్షలు ఏ సివిల్ ప్రయోగశాలలోనైనా చేస్తారు. ఇండెక్స్ ఎంత ఎక్కువైతే అంత మంచిదని మాత్రం అనుకోవద్దు. మన నల్లరేగడి కాగితం మీద అద్భుతంగా కనిపిస్తుంది. పని దగ్గరికి వచ్చేసరికి ఎండితే రాయిలాంటి బెడ్డలవుతుంది, తడిస్తే రోలరు డ్రమ్ముకు అంటుకుని పైకి లేస్తుంది, రెండు రోజులు ఎండ తగిలితే నెర్రెలిస్తుంది. 15 నుంచి 30 మధ్య ఉండే మట్టి చేతికి లొంగుతుంది. రేగడి తప్ప వేరే దారి లేనప్పుడు, మొరం రాళ్లు ఏరిన ఎర్రమట్టిని దానిలో కలిపి, ఆ మిశ్రమానికి పరీక్షలన్నీ మళ్లీ మొదటి నుంచి చేయించండి. చలక నేలలు తప్ప దొరకని చోట, కచ్ నుంచో బాడ్‌మేర్ నుంచో వచ్చే బెంటొనైట్ పొడిని 5 నుంచి 10 శాతం దాకా కలుపుతారు. అప్పుడు పైన చెప్పిన సిలిండర్ పరీక్ష మరింత ముఖ్యమవుతుంది. చెరువు పూడిక మట్టి చవకగా దొరుకుతుంది, అయితే దానిలో కుళ్లిన ఆకూ అలమా, నత్తగుల్లలూ ఉంటాయి, ఆమ్లం నిలవబోయే పాండ్‌కు దాన్ని వాడవద్దు.

ఎంత మందం, ఎంత కారుతుంది

ప్రపంచమంతటా వాడుకలో ఉన్న కొలబద్ద సెకనుకు 1×10⁻⁹ మీటర్ల పారగమ్యత. మన దేశంలో 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు చెత్త ల్యాండ్‌ఫిల్ అడుగుకు ఇదే విలువతో 90 సెంటీమీటర్ల మట్టి పొరను, దానిపై 1.5 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) షీటును, భూగర్భజల మట్టానికీ అడుగుకూ మధ్య కనీసం 2 మీటర్ల ఎడాన్ని కోరాయి. గని పాండ్‌కు మీకు వచ్చిన అనుమతి పత్రంలోని షరతులు వేరుగా ఉంటే అవే పాటించాలి. లేనిచోట ఈ కొలతలను కనీసంగా పెట్టుకోండి.

ఈ విలువ అందుకున్న లైనర్ కూడా కారుతుందని మీ యజమానికి ముందే చెప్పండి. 90 సెంటీమీటర్ల మంచి పొర మీద 30 సెంటీమీటర్ల నీరు నిలిస్తే హెక్టారుకు రోజుకు సుమారు 1,150 లీటర్లు దిగుతుంది. అదే 6 మీటర్ల నీరు నిలిస్తే సుమారు 6,600 లీటర్లు. సైనైడు, యురేనియం వంటివి ఉన్న నీటికి ఇది ఒప్పుకోదగినది కాదు. అందుకే మట్టి మీద షీటు. షీటు ఒక్కటే చాలదా అని అడిగేవారికి ఇంకో లెక్క చూపించవచ్చు. షీటుకు 1 చదరపు సెంటీమీటరు చిల్లు పడి, దానిపై 30 సెంటీమీటర్ల నీరు ఉంటే, కింద కంకర ఉన్నప్పుడు రోజుకు 12 వేల లీటర్ల పైన పోతుంది. కింద బాగా తొక్కిన బంకమట్టి ఉండి, షీటు దానికి అంటిపెట్టుకుని ఉంటే లీటరు కూడా పోదు. వెల్డింగులో ఎంత జాగ్రత్తపడినా ఎక్కడో ఒక చిల్లు మిగులుతుంది కనుక, ఆ చిల్లు కింద ఏముందన్నదే అసలు ప్రశ్న.

అడుగు నేలను సిద్ధం చేయడం

పైమట్టిని వేర్లతో సహా గీకి తీసేయండి. పుట్టలు కనిపిస్తే పైన చదును చేసి వదిలేయకండి. చెదల సొరంగాలు లోతుగా పోతాయి, అవి ఆగేదాకా తవ్వి, మట్టి నింపి తొక్కించాలి. రాయలసీమలో పాండ్ స్థలాలు చాలావరకు ఒకప్పటి చేలే కాబట్టి, ఎండిపోయి వదిలేసిన బోర్లు వాటిలో ఉంటాయి. ఊరి పెద్దలను వెంట తీసుకుని స్థలమంతా నడవండి. ఏ బోరు ఎప్పుడు వేశారో రెవెన్యూ కాగితాల్లో దొరకదు, వారి నోటనే దొరుకుతుంది. దొరికిన ప్రతి బోరును అడుగు నుంచి పైదాకా సిమెంటు, బెంటొనైట్ కలిపిన గ్రౌటుతో నింపాలి. మూత వెల్డింగు చేసి మట్టి కప్పితే, లైనర్ కింద నేరుగా భూగర్భజలానికి గొట్టం పెట్టినట్టే అవుతుంది.

పదును: అసలు పని ఇక్కడే ఉంది

ప్రయోగశాల మీకు ప్రాక్టర్ పరీక్ష ఫలితం ఇస్తుంది. అందులో మట్టి గరిష్ఠ సాంద్రతకు చేరే తేమ, అంటే ఆప్టిమమ్ మాయిశ్చర్, ఉంటుంది. రోడ్డువాళ్లు దాని దగ్గరగానో కొంచెం తక్కువగానో పని చేస్తారు. మీరు దానికంటే 2 నుంచి 4 శాతం ఎక్కువ తేమలో పని చేయాలి. కారణం ఇది: పొడివైపు ఉన్న మట్టిలో బెడ్డలు గట్టిగా ఉంటాయి, రోలరు వాటిని దగ్గరికి నెడుతుందే గాని చితకగొట్టలేదు; బెడ్డకూ బెడ్డకూ మధ్య మిగిలిన సందుల వెంట ద్రవం దారి వెతుక్కుంటుంది. తడివైపు బెడ్డలు మెత్తబడి, రోలరు కాళ్ల కింద నలిగి, ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. సాంద్రత ఒకటే వచ్చినా, తడివైపు తొక్కిన మట్టి పారగమ్యత పొడివైపు మట్టికంటే వంద రెట్లు తక్కువగా ఉంటుంది, కొన్ని మట్టుల్లో ఈ తేడా ఇంకా పెద్దది. కాబట్టి 95 శాతం సాంద్రత వచ్చిందన్న రిపోర్టు ఒక్కటే చూసి సంతకం పెట్టకండి, దాని పక్కన తేమ గడిలో ఏముందో చూడండి.

రైతు పదును చూసుకున్నట్టే చేత్తోనూ చూసుకోవచ్చు. గుప్పెడు మట్టి తీసుకుని, అరచేతుల మధ్య 3 మిల్లీమీటర్ల దారంగా పేనండి. పగలకుండా, తెగకుండా వస్తే మీరు సరైన వైపున ఉన్నారు; మధ్యలోనే ముక్కలైతే ఇంకా నీరు కావాలి; చేతికి జిడ్డులా అంటుకుని ఊడకపోతే రోలరు దిగబడుతుంది. ఇది ఓవెన్ పరీక్షకు బదులు కాదు, టిప్పరు అన్‌లోడ్ చేయించాలా వద్దా అన్నది అక్కడికక్కడే తేల్చుకోవడానికి. రోడ్డు సైట్లలో వాడే కార్బైడ్ తేమ మీటరును బంకమట్టికి గుడ్డిగా నమ్మకండి. బెడ్డ లోపలి నీటికి కార్బైడ్ అందక తేమ తక్కువగా చూపిస్తుంది.

నీటి లెక్క ముందే వేసుకోండి. ఘనపు మీటరుకు 1,600 కిలోల పొడి బరువుండే మట్టి 12 శాతం తేమతో వచ్చి, మీకు 20 శాతం కావాలంటే ఘనపు మీటరుకు 128 లీటర్లు పోయాలి. 15 సెంటీమీటర్ల పొర ఒక హెక్టారుకు 1,500 ఘనపు మీటర్లు కనుక, 1,92,000 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 39. ఎండకు ఆవిరయ్యేది దీనికి అదనం. నీటిని తొక్కించే చోట చల్లడం పెద్ద పొరపాటు, ఎందుకంటే పై అంగుళం బురదవుతుంది, లోపలి బెడ్డ పొడిగానే ఉంటుంది. మట్టి తవ్వే చోటనే కుప్పలుగా పోసి, తడిపి, రోటవేటరుతో 25 మిల్లీమీటర్లకు మించిన బెడ్డ లేకుండా కొట్టించి, టార్పాలిన్ కప్పి కనీసం ఒక రోజు, రేగడి పాలు ఎక్కువైతే రెండు మూడు రోజులు నాననివ్వండి. మంచినీరే వాడాలి, ప్లాంటు నీరు మిగిలింది కదా అని కలపనివ్వకండి.

పరవడం, తొక్కించడం

అసలు పాండ్‌లో దిగేముందు, పక్కన రోలరు వెడల్పుకు మూడు నాలుగింతల స్థలంలో అదే మట్టి, అదే యంత్రం, అదే మనుషులతో ఒక నమూనా ప్యాడ్ వేయండి. దానిపై రెండు వలయాల ఇన్‌ఫిల్ట్రోమీటరు పెట్టి పారగమ్యత కొలిస్తే, అరచేతి వెడల్పు నమూనా చూపించలేని బెడ్డల లోపాలు బయటపడతాయి. ప్రయోగశాలలో బ్రహ్మాండంగా వచ్చిన మట్టి క్షేత్రంలో పదుల, వందల రెట్లు ఎక్కువగా కారిన సందర్భాలు 1980ల నుంచే నమోదై ఉన్నాయి. ప్యాడ్ తప్పితే నష్టం ఒక వారం. పాండ్ తప్పితే లెక్క కట్టలేరు.

వదులు మట్టిని 20 సెంటీమీటర్లకు మించకుండా పరిస్తే తొక్కాక 15 అవుతుంది. నున్నటి డ్రమ్ము రోలరు పనికిరాదు. కాళ్లున్న షీప్‌ఫుట్ రోలరే కావాలి, ఆ కాలు వదులు పొరను దాటి కింది పొరలోకి దిగేంత పొడవుండాలి. పై పొర కింది పొరలో కలిసిపోవాలంటే అదొక్కటే మార్గం. అలా కలవకపోతే రెండు పొరల మధ్య సన్నని అర మిగిలి, పై పొరలోని లోపం గుండా దిగిన ద్రవం ఆ అర వెంట అడ్డంగా పాకి, కింది పొరలోని లోపాన్ని వెతుక్కుంటుంది. ప్రతి కొత్త పొరకు ముందు పాత పొర పైభాగాన్ని రెండు మూడు సెంటీమీటర్లు గీరి, తడి ఆరిపోయి ఉంటే నీరు చిలకరించండి. ఎన్నిసార్లు తొక్కాలన్నది నమూనా ప్యాడ్ చెబుతుంది, ఐదుకు మాత్రం తగ్గించవద్దు. నిన్నటి పనికి ఈనాటి పని కలిసే చోట నిలువు అంచు ఉండకూడదు. ఏటవాలుగా కోసి కలపాలి, ఒక పొర అతుకు మీద మరో పొర అతుకు రాకూడదు. కట్ట లోపలి వాలు 3 అడ్డానికి 1 నిలువు కంటే నిటారుగా ఉంటే రోలరు వాలు వెంట నడవలేదు, కాబట్టి డిజైన్ దశలోనే దీన్ని పట్టుబట్టి సరిచేయించండి.

ఎండనివ్వకండి

నేను పనిచేసిన ఒక సైట్‌లో ఏప్రిల్ నెల శనివారం సాయంత్రం చివరి పొర పూర్తయింది. పరీక్షలన్నీ బాగా వచ్చాయి. షీటు సోమవారం పరుస్తామన్నారు. ఆదివారం సెలవు. సోమవారం ఉదయం వెళ్లేసరికి పొరంతా పెంకు తేలి, సన్నని నెర్రెలు తేలాయి. చీపురు పుల్ల ఒకటి నెర్రెలో దించితే 9 సెంటీమీటర్ల దాకా పోయింది. పైన నీళ్లు కొట్టి పూడ్చేద్దామన్నారు కాంట్రాక్టరు. అలా చేస్తే పైన మూసుకున్నట్టు కనిపిస్తుంది గాని లోపల అతుక్కోదు. చివరికి పొరంతా రిప్పరుతో లేపి, మళ్లీ తడిపి, మళ్లీ తొక్కించాం. అప్పటి నుంచి నా పని పద్ధతి ఒకటే: ఆ రోజు షీటు కప్పగలిగినంత మేరకే చివరి పొర తొక్కించడం. అది కుదరనప్పుడు తెల్లని ప్లాస్టిక్ పట్టా పరిచి అంచులకు ఇసుక బస్తాలు పెట్టించండి, లేదా తాత్కాలికంగా 20 సెంటీమీటర్ల మట్టి వదులుగా కప్పించి తరువాత తీయించండి. నల్లటి హెచ్‌డీపీఈ షీటు పరిచాక కూడా దాన్ని నెలల తరబడి ఎండకు వదిలేస్తే కింది మట్టి వేడెక్కి ఆరుతుంది; త్వరగా పైన కంకర పొరో టెయిలింగ్సో పడాలి.

పరీక్ష చేసిన గుంతను మరిచిపోకండి

ప్రతి పొరకు హెక్టారుకు కనీసం 13 చోట్ల తేమ, సాంద్రత కొలవండి. కోర్ కట్టర్ పద్ధతి ఐఎస్ 2720 29వ భాగంలో ఉంది. పారగమ్యత కోసం గొట్టం దించి చెక్కుచెదరని నమూనాలు హెక్టారుకు మూడైనా తీయండి. స్థలాలను ఇంజినీరే ఎంచాలి. కాంట్రాక్టరు మనిషి చూపించిన చోట కాదు. నమూనా తీసిన గుంతలో బెంటొనైట్ కలిపిన తడి మట్టిని రెండు మూడు దఫాలుగా వేసి, కర్రతో కూరి నింపించండి. లైనర్ మంచిదని నిరూపించడానికి తీసిన గుంతే లైనర్‌కు చిల్లుగా మిగిలిపోవడం నేను ఒకటికి రెండుసార్లు చూశాను.

షీటు పరిచేముందు పైభాగాన్ని నున్నటి డ్రమ్ముతో ఒకసారి తిప్పి, 10 మిల్లీమీటర్ల రాయి కూడా లేకుండా మనుషులతో ఏరించండి. మధ్యాహ్నపు ఎండలో షీటు సాగి ముడతలు పడుతుంది, ముడత కింద చిల్లు పడితే పైన చెప్పిన లీటరు లెక్క పనిచేయదు. తెల్లవారుజామున, షీటు చల్లగా ఉన్నప్పుడు పరిచి, ముడత అణిగాక పైన కప్పించాలి.

పాండ్ నింపడానికి ముందు, నింపిన తరువాత

పరిశీలన బోర్లను పాండ్‌కు ఎగువన ఒకటి, దిగువన మూడైనా వేయించి, తొలి చుక్క పడకముందే వానలకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి నీళ్లు పరీక్షించి నమోదు చేయండి. అనంతపురం వంటి చోట్ల భూగర్భజలంలో ఫ్లోరైడు సహజంగానే ఎక్కువ. ముందు లెక్క లేకపోతే రేపు ఊరివారి ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉండదు, వారి దగ్గరా రుజువు ఉండదు. చుట్టుపక్కల రైతుల బోర్లను కూడా ఈ జాబితాలో చేర్చి, ఫలితం కాపీని వారికి ఇవ్వండి. తరువాత ప్రతి నెలా పీహెచ్, విద్యుద్వాహకత, సల్ఫేటు, సోడియం, మీ ప్లాంటుకు ప్రత్యేకమైన రసాయనం చూస్తూ ఉండాలి. వీటిలో విద్యుద్వాహకత చవకైనది, సాధారణంగా మొదట పెరిగేదీ అదే. దిగువ బోరులో అది పెరిగి, ఎగువ బోరులో పెరగకపోతే, వారంలోగా రెండవ నమూనా తీయించండి. ఆ ఫలితం వచ్చేదాకా ఎదురుచూడకుండా పాండ్‌లోని నీటిని ప్లాంటుకు తిరిగి పంపింగ్ చేసి మట్టాన్ని తగ్గించడం మొదలుపెట్టండి, ఎందుకంటే లీకు ఎక్కడుందో తేలకముందే దాని వేగాన్ని తగ్గించగలిగేది ఆ ఒక్క పనే.